జకరయ్య మీసం మీది మందు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. చివరిదాకా కూర్చుని, తరవాత ముక్కు చిట్లిస్తే మాత్రం ఊరుకునేది లేదు.

పల్నాడు మిరపచేలల్లో మందు కొట్టడంలో మస్తాన్ ఉస్తాదును మించినవాడు పుట్టలేదు. ఆయన స్ప్రేయరు భుజానికెత్తాడని తెలిస్తే చాలు, తామర పురుగులు పిల్లాపాపల్తో మూటాముల్లె సర్దుకుని పొలిమేర దాటేవి. గాలి కూడా ఆయన్ని అడిగే దిక్కు మారేది.

అంతటివాడి శిష్యుడు జకరయ్యకు ఒకటే దిగులు. ఎన్ని పంటలు గడిచినా ఉస్తాదు తనకు ఒంటరిగా చేను అప్పజెప్పడు. ఆ ఉదయం వెంకాయమ్మ చేనుగట్టు మీద అడిగేశాడు.

"ఉస్తాద్, ఈ చేను నాకొదిలెయ్యండి. నాకు రానిదేముంది?"

గట్టు మీద ఒకే మందు రెండు రకాలుగా ఉంది. ఒక సంచిలో మెత్తటి పొడి, ఒక డబ్బాలో నీళ్లలో కలిసే గుళికలు.

"ఏది కలుపుతావు?"

"పొడే. లేచి ముక్కుకు తగిలితేనే అది మందు. గుళికలు ముసలాళ్లకి."

"మరి మూతికి గుడ్డ?"

"మీసం ఉందిగా!"

ఉస్తాదు నవ్వలేదు. తన జోలెలోంచి ఒక పొట్లం తీసిచ్చాడు. "అయితే ముందు ఇది కలుపు."

జకరయ్య చింపి గట్టు మీది నీళ్ల డ్రమ్ములోకి గుమ్మరించాడు. ఉస్తాదు కనుసైగ చేశాడో ఏమో, సరిగ్గా అప్పుడే ఎదురుగాలి లేచింది. ఆ లేచిన తెల్లమబ్బు కృష్ణ అవతలి ఒడ్డుకు కూడా కనబడింది.

జకరయ్య కర్రతో కలిపి, రొమ్ము విరిచాడు. "చిటికెడు కూడా పోలేదు, ఉస్తాద్!"

పక్కనే నిలబడి చూస్తున్న వెంకాయమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉస్తాదు గట్టున ఆపిన ఆమె మోపెడ్ అద్దం విప్పి శిష్యుడి ముఖానికెదురుగా పట్టాడు.

కనుబొమలు తెలుపు. మీసం తెలుపు. ముక్కుపుటాల లోపల కూడా తెలుపే.

జకరయ్య గబగబా ముక్కు తుడుచుకున్నాడు. "ఉస్తాద్... పీల్చేశానా?"

"బియ్యప్పిండిరా. వెంకాయమ్మగారి ముగ్గుడబ్బాలోది."

జకరయ్య ముఖం కడుక్కున్నాడు. డ్రమ్ము ఒంచేసి మంచినీళ్లు నింపాడు. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ. గాలి వీపుకు తగిలేదాకా తిరిగి నిలబడి, గుళికల డబ్బా వంచాడు. గింజల్లా జారి నీళ్లలో పడ్డాయి. గాలిలో ఏమీ లేవలేదు.

ఉస్తాదు తన భుజాన ఉన్న స్ప్రేయరు దించి శిష్యుడి వీపుకు తగిలించాడు.

"పురుగు కోసం తెచ్చింది పురుగే తినాలిరా."

ఇంకా అనుమానమా? వెళ్లి నల్లమోతు వెంకాయమ్మను అడగండి. ఆమె మోపెడ్ ఎడమ అద్దం ఈ రోజుకీ వదులే.