గంటకు పదిసార్లు

రామచంద్రపురంలో అవధానిగారి అరుగు మీద ఆదివారం సాయంత్రాలు గీత చెప్పుకోవడం ఇరవై ఏళ్ళుగా ఉన్న అలవాటు. ఎవరైనా సందేహం అడిగితే ఆయన శ్లోకం చెప్పరు. పుస్తకం మూసి, తనకు తెలిసిన ఎవరో ఒకరి సంగతి చెప్తారు. అది జవాబో కాదో తేల్చుకోవలసింది అడిగినవాళ్ళే.

ఆ వారం అందరూ లేచి వెళ్ళాక కామేశం ఒక్కడూ కూర్చుండిపోయాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. పదకొండేళ్ళుగా ఆ అరుగు మీదికి వస్తున్నవాడు.

"మా ఆవిడకి గురువారం ఆపరేషనండీ," అన్నాడు చివరికి. "తగ్గిపోతుందనే అంటున్నారు. నాకే అన్నం సహించడం లేదు. ఆవిడ ఎదురుగా నవ్వుతూ తిరుగుతున్నాను గానీ లోపల వణికిపోతున్నాను. ఇన్నేళ్ళు మీ దగ్గర విన్నదంతా ఎటు పోయిందో తెలియదు. ఈ భయాన్ని ఎలా పోగొట్టుకోవాలండీ?"

అవధానిగారు పుస్తకం మూశారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

ద్రాక్షారామం దగ్గర గవర్రాజు అని ఒక వంటమేస్త్రి ఉండేవాడు. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళనుకున్నా ముందు ముహూర్తం చూసుకునేవారు, వెంటనే గవర్రాజుకు కబురు పెట్టేవారు. వెయ్యి విస్తళ్ళ వంటకైనా చెయ్యి తడబడని మనిషి. భార్య పేరు మాణిక్యం. పిల్లలు లేరు. యాభై రెండో ఏట ఆమెకు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం రావడం మొదలైంది. గుండెలో ఒక కవాటం పాడైందనీ, ఛాతీ కోసి మార్చాలనీ కాకినాడలో డాక్టర్లు చెప్పారు.

ఆపరేషన్ జరిగిన ఆరు గంటలూ గవర్రాజు వరండాలో నిలబడే ఉన్నాడు. ఎవరో చేతిలో పెట్టిన టీ చేతిలోనే చల్లారిపోయింది. డాక్టరు బయటికి వచ్చి "బాగానే జరిగింది" అంటే, ఆ మాట బుర్రకెక్కక మళ్ళీ అడిగాడు. మర్నాడు అద్దం అవతల, అన్ని గొట్టాల మధ్య ఆమె ముఖం చూశాడు. ఇక ఈ మనిషిని ఏ నొప్పీ తాకనివ్వనని అక్కడే మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

పదో రోజున ఇంటికి పంపిస్తూ రోజమ్మ అనే నర్సు జాగ్రత్తలు చెప్పింది. మందుల వేళలు, ఉప్పు తగ్గించిన తిండి, ఇంట్లోనే నాలుగడుగుల నడక. "అన్నిటికంటే ముఖ్యం దగ్గించడం, బాబాయ్. దిండు ఛాతీకి అదిమిపట్టి, బాగా ఊపిరి తీయించి దగ్గించాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. లేకపోతే కఫం లోపల పేరుకుపోతుంది."

ఇంటికి వచ్చాక గవర్రాజు మందులు నిమిషం దాటనివ్వలేదు. ఒప్పుకున్న రెండు పెళ్ళిళ్ళూ తమ్ముడికి అప్పగించాడు. ఉప్పు లేని పప్పుకు నిమ్మరసంతో, జీలకర్రతో రుచి తెచ్చి, ముద్దలు కలిపి పెట్టాడు. ఆమె చేతులు పైకెత్తకూడదన్నారని జడ వేయడం నేర్చుకున్నాడు. దగ్గు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతని వల్ల కాలేదు. మొదటిసారి దగ్గగానే మాణిక్యం ముఖం నొప్పితో మెలితిరిగిపోయింది. ఛాతీలో కుట్టిన ఎముక మళ్ళీ విడిపోతున్నట్టు అతని చెయ్యి పట్టుకుని, "ఇక నా వల్ల కాదండీ," అంది. "చాల్లే, చాల్లే," అని అతను దిండు తీసి పక్కన పెట్టేశాడు. ఆ తర్వాతి గంటకు రెండుసార్లు దగ్గింది. మర్నాటికి అదీ లేదు. ఆమె అడగలేదు, అతను గుర్తు చేయలేదు. ఇద్దరికీ హాయిగానే ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. కారు మాట్లాడి కాకినాడ బయలుదేరాడు. దారి పొడుగునా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉన్నాడు. కుట్లు తెగాయేమో, పెట్టిన కవాటం పట్టలేదేమో, తను ఏ మందు తప్పించాడో అని జేబులోని మందుల చీటీ తీసి పదేపదే చదివాడు. చీటీ ప్రకారం ఏదీ తప్పలేదు.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, గుండె బాగానే ఉందన్నాడు. ఎడమ ఊపిరితిత్తి అడుగున కఫం చేరి మూసుకుపోయిందన్నాడు.

"దగ్గిస్తున్నారా బాబాయ్?" అని అడిగింది రోజమ్మ.

"నొప్పంటుందమ్మా. చూడలేకపోయాను."

ఆమె కోప్పడలేదు. సెలైన్ సరిచేస్తూ, మామూలు గొంతుతోనే అంది: "చూడలేకపోయింది మీరు. జ్వరం వచ్చింది ఆవిడకి."

 

మూడు రోజుల తర్వాత ఇంటికి వచ్చిన పూటే గవర్రాజు దిండు తీసుకుని మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాడు. మాణిక్యానికి అర్థమైంది. "ఈ పూటకి వద్దండీ, మీకు దణ్ణం పెడతాను," అంది. అతను దిండు అదిమిపట్టి, "ఊపిరి తియ్యి," అన్నాడు. ఆమె ఏడ్చింది. "దగ్గు," అన్నాడు. నాలుగోసారికి ఆమె, "మీది ఇంత రాతిగుండె అనుకోలేదు," అంది. "ఇంకా ఆరున్నాయి," అన్నాడు. పదీ అయ్యాక దొడ్లోకి వెళ్ళి, తిన్నదంతా కక్కుకున్నాడు. ముఖం కడుక్కుని, గడియారం చూసుకుని, మళ్ళీ గంట కాగానే లోపలికి వెళ్ళాడు.

రెండో రోజు పక్కింటి వరహాలమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "కోత పడిన మనిషిని అలా ఏడిపిస్తారేంటి గవర్రాజుగారూ, పాపం కాదూ?" అంది. అతను తలవంచుకుని జావ కలుపుకుంటూ ఉండిపోయాడు. తనూ అదే అనుకుంటున్నాడు. రోజమ్మ చెప్పింది నిజమో కాదో, ఇంతా చేసి ఆ కుట్లు తన చేతుల్లోనే తెగిపోతాయేమో అని ప్రతి గంటకూ అనుకుంటూనే ఉన్నాడు. మాణిక్యం అతనితో మాట్లాడడం మానేసింది. ముద్ద పెడితే తినేది, జడ వేస్తుంటే గోడవైపు చూసేది.

మూడో రోజు మధ్యాహ్నం ఏడో దగ్గుకు చిక్కటి కఫం గడ్డగా పడింది. తర్వాత ఆమె నిద్రపోయింది. ఛాతీ నిండుగా లేచి దిగుతుంటే అతను కిందే కూర్చుని చూశాడు. ఎన్నాళ్ళకో ఆమె అంత లోతుగా ఊపిరి తీయడం. నాలుగు గంటలకు ఆమె కదిలింది. గవర్రాజు దిండు చేతిలోకి తీసుకున్నాడు గానీ, ఆ నెమ్మదైన ముఖం చూస్తూ దగ్గరికి పోలేక అక్కడే నిలబడిపోయాడు.

మాణిక్యం కళ్ళు తెరిచి అతన్నీ, దిండునూ చూసింది. చెయ్యి చాపి దిండు తన ఛాతీ మీదికి లాక్కుని, అతని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"కాస్త గట్టిగా పట్టుకోండి," అంది. "పొద్దున వదులుగా పట్టుకున్నారు."

అవధానిగారు అక్కడితో ఆపారు. కామేశం అడిగాడు.

"మరి ఆ తర్వాతైనా అతని భయం పోయిందాండీ?"

"ఎక్కడికి పోతుంది నాయనా," అన్నారు అవధానిగారు లేస్తూ. "దానికో పని దొరికింది."