కాలు నిలవని గిజిగాడు

కొర్రగుట్ట అడవిలో ఎలుగుబంట్లు, కణితులు, కొండముచ్చులు, రేచుకుక్కలు ఉండేవి. అడవి నడుమ పారే వాగు మీదికి ఒక తుమ్మచెట్టు వంగి ఉండేది. ఆ చెట్టు మాత్రం గిజిగాళ్లది. వానలకు ముందు అక్కడ చూడాలి సందడి! కొమ్మకొమ్మకూ గూళ్లు, చెట్టంతా ఒకటే కిచకిచ.

గిజిగాళ్లకు ఒక పద్ధతి ఉంది. మగ గిజిగాడు గూడు సగం, అంటే పైకప్పు దాకా, అల్లి ఆగుతాడు. ఆడపిట్ట వచ్చి దాని మీద వాలి, పోచలను ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చితే ఉండిపోతుంది, అప్పుడు మిగతా సగం అల్లాలి. నచ్చకపోతే మాటైనా అనకుండా ఎగిరిపోతుంది. ఇక ఆ గూటిని కట్టినవాడే తెంపి వాగులో పారేసుకోవాలి.

తుర్రు అనే కుర్ర గిజిగాడు అప్పటికే రెండు గూళ్లు తెంపుకున్నాడు. ఇది మూడోది. మబ్బులు కమ్ముతున్నాయి. ఇది కూడా నచ్చకపోతే ఈ ఏడు వాడికి గూడూ లేదు, జోడూ లేదు, పిల్లలూ లేరు.

ఆ భయంతో వాడికి ఒకచోట కాలు నిలిచేది కాదు. ఒక పోచ అల్లి పక్కవాడి గూడు చూసి వచ్చేవాడు. ఇంకో పోచ అల్లి ఆకాశం వంక చూసేవాడు. గింజ నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయేవాడు. కునుకు పడితే గూడు తెగినట్టు కల వచ్చి ఉలిక్కిపడేవాడు.

గూటికి కావలసింది పొడవాటి పోచలు. రెల్లు ఆకు అంచున చిన్న గాటు పెట్టి, దాన్ని ముక్కుతో పట్టుకుని నిదానంగా ఎగరాలి. ఎంత దూరం ఎగిరితే పోచ అంత పొడుగు చీలుతుంది. తుర్రు గాటు పెట్టీ పెట్టగానే ఒక్క గుంజు గుంజేవాడు. పోచ కాస్త రాగానే పుటుక్కున తెగేది. ఆ తుంపులనే ముడి మీద ముడి వేసి అతికించేవాడు. గూడంతా బొడిపెలు లేచాయి.

పైకొమ్మ మీద దండోరా అనే గిజిగాడు ఉండేవాడు. ఏ పని చేసినా అడవంతా వినపడేలా చెప్పుకోవడం వాడి అలవాటు. వాడి గూడు అప్పటికే ఒక ఆడపిట్టకు నచ్చింది. ఇంకేం, వాడి మిడిసిపాటుకు అంతు లేదు. దాని మిగతా సగం అల్లకుండానే మరో కొమ్మకు రెండో గూడు కూడా మొదలుపెట్టాడు.

"ఒరేయ్ తుర్రూ, నన్ను చూసి నేర్చుకో! తిండి మానేశాను, నిద్ర మానేశాను. గుండె దడదడలాడితేనే రెక్క ఆడుతుంది. కుదురుగా కూర్చున్నవాడు సోమరి!" అన్నాడు దండోరా.

"నిజమే అన్నా," అన్నాడు తుర్రు. ఆ రోజు నుంచి నీళ్లు తాగడం కూడా తగ్గించాడు. ఎంత తెలివో చూడండి!

ఒక పొద్దున తుర్రు రెల్లుపొదలో పోచలు గుంజుతుంటే అడవి దద్దరిల్లింది. ఒక ముసలి కణితి, కొమ్ముల్లేని పెద్ద ఆడజింక, పొదలు తొక్కుకుంటూ పరుగెత్తి వచ్చింది. వెనకాల రేచుకుక్కల గుంపు. కణితి వాగులో లోతుకు దిగి నిలబడింది. కుక్కలు ఒడ్డున అటూ ఇటూ తిరిగాయి, పళ్లు నూరాయి. చివరికి విసిగిపోయి వెళ్లిపోయాయి.

తుర్రు ఒక రెల్లు కాడను గోళ్లతో బిగించి పట్టుకునే ఉన్నాడు. కణితి మాత్రం ఒడ్డుకు వచ్చి, చెవుల నుంచి తోక దాకా ఒళ్లంతా గట్టిగా దులుపుకుంది. ముక్కుపుటాల నుంచి పొడుగ్గా ఊపిరి వదిలింది. మళ్లీ వదిలింది. తర్వాత నీడలో కూర్చుని నెమరు వేయసాగింది.

తుర్రు ఆగలేకపోయాడు. "అత్తా! చావు ఇంతదాకా వచ్చి పోయింది. నువ్వేమో నెమరేస్తున్నావు!"

"పోయింది కదరా."

"మళ్లీ వస్తే?"

"వస్తే మళ్లీ పరుగెత్తుతాను. అందుకు కాళ్లలో సత్తువ ఉండాలిగా? కుక్కలు ఒడ్డు వదిలి పోయాయి. నా ఒంట్లోంచి కూడా పోవాలని దులుపుకున్నాను. సరే గానీ, నీ సంగతేంటి? నిన్నెవరు తరుముతున్నారు?"

తుర్రు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. వాడికి ఏడుపొచ్చింది. గూళ్ల సంగతంతా చెప్పేశాడు.

"ముందు ఆ గోళ్లు వదులు చెయ్యి. పాపం, ఆ కాడ పీక పిసికేస్తున్నావు," అంది కణితి. "ఇప్పుడు ఈకలన్నీ దులుపు. ఊపిరి పీల్చడం దానంతట అదే జరుగుతుంది. నువ్వు వదలడం చూసుకో. మెల్లగా, చివరిదాకా."

తుర్రు దులుపుకున్నాడు. ఊపిరి వదిలాడు. అంతలోనే దండోరా గూడు గుర్తొచ్చింది. మబ్బులు గుర్తొచ్చాయి.

"నా వల్ల కాదత్తా! మనసు పారిపోతోంది."

"పారిపోతే పోనీ. దాని వెంట నువ్వు పోకు. మళ్లీ ఊపిరి దగ్గరికి రా."

తొలిరోజు వాడికి కుదరలేదు. మర్నాడు కాస్త కుదిరింది. తర్వాత ఒక ఉదయం ఆకుకు గాటు పెట్టి, ఊపిరి వదులుతూ, ఆ వదిలే జోరులోనే ఎగిరాడు. పోచ చీలుతూ చీలుతూ ఆకు చివరిదాకా వచ్చింది. తుర్రు దాన్ని చూసి తనే నమ్మలేకపోయాడు. బొడిపెల గూటిని తనే తెంపేసి, కొత్తగా మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆకలేస్తే తినేవాడు, అలిస్తే ఆగేవాడు.

"సోమరి!" అని అరిచాడు దండోరా. వాడి కళ్లు ఎర్రబడ్డాయి, రెక్కలు వణుకుతున్నాయి. ముడి వేసిన చోటే మళ్లీ ముడి వేస్తున్నాడు.

సగం గూడు అయిన రోజున పైడి అనే ఆడపిట్ట వచ్చి వాలింది. అప్పుడే గాలి లేచింది. మునుపైతే తుర్రు దాని చుట్టూ తిరిగి కిచకిచలాడి విసిగించేవాడు. ఈసారి కూడా భయమేసింది గానీ దాని దగ్గరికి పోలేదు. పక్కకొమ్మ మీద కూర్చుని, గోళ్లు వదులు చేసి, ఊపిరి మెల్లగా వదిలాడు.

పైడి ఒక పోచ లాగింది. రాలేదు. ఇంకోటి లాగింది. అదీ రాలేదు.

"ఏమయ్యా, పట్టు బాగుంది. కానీ ఈ పక్క పలచగా ఉంది. వాన ఆ గుట్ట దాకా వచ్చేసింది. ఇది గట్టిపడితే ఉంటాను, లేకపోతే వెళ్తాను," అంది.

తుర్రు రెల్లుపొదకు ఎగిరాడు. గాలికి ఆకులు పట్టుకు చిక్కని పాముల్లా ఊగుతున్నాయి. మొదటి పోచ తెగింది. ఒక్కసారిగా పాత భయమంతా మీదపడింది. రెక్కలు బిగుసుకున్నాయి. గుంజాలనిపించింది, గబగబా గుంజాలనిపించింది. తుర్రు గుంజలేదు. ఆ గాలిలోనే ఆగి ఒళ్లు దులుపుకున్నాడు. ఊపిరి చివరిదాకా వదిలి మళ్లీ గాటు పెట్టాడు. పోచ నిండుగా వచ్చింది. తెచ్చి అల్లాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తెచ్చాడు. గుట్ట కనపడకుండా పోయింది. చివరి పోచ ముడి పడేసరికి మొదటి చినుకులు వాడి వీపు మీద పడ్డాయి. పైడి గూటిలోకి దూరింది.

పైకొమ్మ మీద దండోరా తుంపులు పట్టుకుని రెండు గూళ్ల మధ్యా పిచ్చివాడిలా తిరుగుతున్నాడు. ఎన్నాళ్లుగానో నిద్ర లేని కళ్లకు ముడి కనపడలేదు, వణికే ముక్కుకు పోచ చిక్కలేదు. పెద్ద గాలి విసిరింది. రెండో గూడు ఊడి వాగులో పడింది. దాని వెనకే మొదటిదీ పడింది. వాడి జోడు అంతకుముందే బయటికి ఎగరబట్టి బతికింది. అది ఇంకో చెట్టుకు వెళ్లిపోయింది. దండోరా ముక్కున తుంపులతో ఖాళీ కొమ్మ మీద తడుస్తూ మిగిలాడు.

తుర్రు గూడు గాలికి అటూ ఇటూ ఊగింది గానీ ఒక్క పోచ కదల్లేదు. వాన వెలిశాక పైడి లోపల్నుంచి తల బయటపెట్టింది. దాని ఈక ఒక్కటి కూడా తడవలేదు.

"గుడ్లు ఇక్కడే పెడతాను," అంది.

నీతి: కంగారు ఎంత పడ్డా పని జరగదు, ఒంటినీ ఊపిరినీ అదుపులో పెట్టుకున్నవాడికే నేర్చిన పని ఆపదవేళ చేతికొస్తుంది.