నూకాలు పట్టు

నూకాలుకి నలభై ఆరేళ్లట. రోజూ పొద్దున్నే ఏటి ఒడ్డున ఆటలాడే బయల్లో రాళ్లు ఏరేదట. తాతల తాతలు ఇంకా పుట్టని నాటి మాట ఇది.

ఆమెకి మొగుడు లేడు, బిడ్డ లేదు. వచ్చిందల్లా చెడుగుడు ఒక్కటే. ఊళ్లో మూడు వీధులు: పెద్దవీధి, నేతవీధి, వాడ. నూకాలుది వాడ. నాట్లకీ కోతలకీ వాడ చేతులు కావాలి. ఆ చెయ్యి తగిలితే మాత్రం పెద్దవీధి తలస్నానం చేస్తుంది.

ఒక ఏడు, ఏటి అవతలి ఊరు జాతరలో ఆడపిల్లల్ని చెడుగుడుకి దింపింది. ఇక్కడి మునసబుకి పరువు బెంగ పట్టుకుంది. నూకాలుని పిలిపించి వాకిట్లోనే నిలబెట్టాడు.

"ఒసే, మూడు వీధుల్లోనూ పరిగెత్తే పిల్లల్ని ఏరి ఆట నేర్పు. ఒకళ్లనొకళ్లు ముట్టుకోకుండా నేర్పు."

"తడవకుండా ఈత నేర్పమన్నట్టు. అంతేనా బాబూ?" అంది నూకాలు.

చెడుగుడంటే కూతకొచ్చిన పిల్లని చేతులు గొలుసు కట్టి పట్టడం. మొదటి ఏడు పెద్దవీధి సుభద్రకీ వాడ గౌరికీ మధ్య జానెడు ఖాళీ. కూతకొచ్చిన పిల్ల ఆ సందులోంచే జారిపోయింది. ఊరు ఓడింది.

రెండో ఏడు తల్లులు ఉపాయం కనిపెట్టారు. "చెరో కొసా తువ్వాలు పట్టుకోండర్రా. గుడ్డకి అంటేముంది!" కూతకొచ్చిన పిల్ల తువ్వాలు కింద దూరి పోయింది. అవతలి ఊరు పొట్ట పట్టుకుని నవ్వింది. ఊరు ఓడింది.

"ఇంకోసారి ఓడావంటే ఆ బయలు దున్నించేస్తా" అన్నాడు మునసబు.

నూకాలుకి ఉన్నది ఆ బయలే. సాయంత్రం పిల్లలు మూడు దార్లలో ఇళ్లకి పోయేవారు. "నువ్వూ రా, తిందువుగాని" అని ఒక్కళ్లూ అనేవారు కాదు. వాడ సైతం, ఆటలాడే ఆడదని ఆమెని దూరం పెట్టింది. ఇసుకలో పాదాల గుర్తులు మిగిలేవి, ఆమె మిగిలేది.

మూడో ఏడు జాతర ముందురోజు సుభద్ర ఆగింది. పదేళ్ల పిల్ల, పేరు పెట్టే పిలుస్తుంది. "నూకాలూ, గౌరిని ముట్టుకుంటే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు."

"నన్నూ ఏ ఇంట్లోకీ రానివ్వరమ్మా. చచ్చిపోలేదు. బాగుంటుందని మాత్రం అబద్ధం చెప్పను. చెయ్యి నీది, ఇష్టం నీది."

జాతరలో ఆఖరి కూత. అవతలి ఊరి పిల్ల ఒకసారి తిరిగింది, రెండుసార్లు తిరిగింది, మూడోసారి సందు చూసి ఉరికింది. గౌరి చెయ్యి చాపింది. సుభద్ర తన తల్లి వైపు చూసింది. చూస్తూనే గౌరి మణికట్టు గుప్పిట బిగించి పట్టేసింది. గొలుసులో ఇరుక్కుని ఆ పిల్లకి కూత తెగిపోయింది.

ఊరు గెలిచింది. మునసబు మీసం దువ్వాడు. సుభద్ర నెత్తిన గుమ్మం బయటే మూడు బిందెల పసుపునీళ్లు పడ్డాయి. గెలుపు ఊరిది, మైల నూకాలుది.

మర్నాడు బయలుకి ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు నాగళ్లు వచ్చాయి. "గెలిచాంగా, ఇంకెందుకీ ఆట?" అన్నాడు మునసబు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఆడపిల్లలు గొలుసు కడితే వేళ్లు కలపరు, మణికట్టు పట్టుకుంటారు. దాన్ని నూకాలు పట్టు అంటారు. బరిలో ఎవరైనా "నీది ఏ వీధే?" అని అడిగితే, అడిగిన పిల్లే అవుటు.

నూకాలు మాత్రం బయలు దున్నిన ఆ వారమే ఏరు దాటి, ఓడిన ఊరి పిల్లలకి ఆట నేర్పింది. ఆపైన మూడు జాతరలూ ఈ ఊరు ఓడింది.