చెంగలి దించిన తల

నల్లమద్ది అడవి అని ఒక పెద్ద అడవి ఉండేది పిల్లలూ. అందులో జింకలు, కొండగొర్రెలు, ఏనుగులు, కోతులు, ఇంకా ఆ భగవంతుడు ప్రాణం పోసిన జీవాలు ఎన్నో ఉండేవి. ఎండాకాలం వస్తే అక్కడ ఒక్క మడుగులోనే నీళ్ళు మిగిలేవి. అందుకని వేసవి మొదట్లో పరుగుపందెం పెట్టేవారు. గెలిచిన మంద ఆ వేసవంతా ముందుగా తాగుతుంది. ఓడిన మందకి మిగిలేది బురదనీళ్ళు.

కొన్నేళ్ళుగా జింకల మందే గెలుస్తోంది. వాళ్ళకి పరుగు నేర్పే గురువు గంభీరయ్య అనే పెద్ద కొమ్ముల దుప్పి. ఆయన ఎదురుపడితే తల్లి జింకలు కూడా పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవి. శిష్యులైతే ఆయన ముందు తల దించుకుని నిలబడాలి. ఆయన ఉండగా తల ఎత్తకూడదు. అది అక్కడి ఆచారం.

పోయిన వేసవి పందెం గెలిచింది చెంగలి అనే పడుచు జింక. తల్లి లేని పిల్ల. వాగు దూకడం దగ్గర్నుంచి దానికి అన్నీ గంభీరయ్యే నేర్పాడు.

ఒకరోజు చెట్టు మీది కోతి అందరికీ వినపడేలా అంది.

"ఏమర్రా, గంభీరయ్య గారి దగ్గర గెలిచిన వాళ్ళంతా కొన్నాళ్ళకే కుంటుతారేమిటి? గెలుపు అంత బరువా?"

కొందరు నవ్వారు. కొందరు "నోర్ముయ్ కోతీ, కళ్ళు పోతాయి!" అన్నారు. కానీ అనుమానం మాత్రం అడవంతా పాకింది.

చెంగలికి సంగతి తెలుసు. పోయిన పందేనికి ముందు దాని గిట్ట చీలింది. గంభీరయ్య ఏదో ఆకు నమిలి ఆ పసరు పూశాడు. కాలు మొద్దుబారింది, నొప్పి తెలియలేదు. చెంగలి పరుగెత్తింది, గెలిచింది. పసరు ప్రభావం తగ్గాక మాత్రం కాలు నేల మీద పెట్టలేకపోయింది. "ఇది మన మధ్యనే ఉండాలి తల్లీ. గురువు మాట బయటపెడితే ద్రోహం" అన్నాడాయన.

అడవికి పెద్ద అయిన గజమ్మ అనే ఏనుగు సభ పెట్టించింది. అందరి ముందూ, గంభీరయ్య పక్కనే ఉండగా, చెంగలిని అడిగింది.

"ఏమమ్మా, మీ గురువు గారి మీద నీకేమైనా ఫిర్యాదు ఉందా?"

చెంగలి తల దించుకుంది. ఆయన ముందు తల ఎత్తకూడదు కదా.

"చూశారా! నా శిష్యురాలికి లేని అనుమానం మీకెందుకండీ?" అన్నాడు గంభీరయ్య. అందరూ హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయారు.

మళ్ళీ పందెం రోజు వచ్చింది. ఈసారి పరుగెత్తాల్సింది పొన్ని, ఇంకా పూర్తిగా ఎదగని జింకపిల్ల. అది కుంటుకుంటూ చెంగలి దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా కాలు వాచింది. గురువు గారు పసరు పూస్తానన్నారు. నీకూ పూశారట కదా, ఆయనే అన్నారు. సభలో నువ్వేం అనలేదంటే మంచిదే అన్నమాట!"

చెంగలికి అప్పుడు అర్థమైంది. తన మౌనం ఈ పసిదాని చెవిలో మంచిమాటలా వినపడింది.

చెంగలి మనసులో దేవుణ్ణి తలచుకుంది. గజమ్మ దగ్గరికి నడిచి, గంభీరయ్య చూస్తుండగానే తల ఎత్తింది.

"పెద్దమ్మా! మా గురువు గారు నాకు పరుగు నేర్పారు. అది నిజం. నా గాయం మీద పసరు పూసి పరుగెత్తించారు. అదీ నిజం. ఇప్పుడు పొన్నికీ పూయబోతున్నారు. ఆపండి!"

"గురుద్రోహి!" అని అరిచింది జింకల మంద. "తల ఎత్తి మాట్లాడుతుందా!"

"మంద దాహం కోసమే కదా చేశాను!" అన్నాడు గంభీరయ్య.

గజమ్మ ఆయన్ని దూరంగా గట్టు అవతలికి పంపింది. "ఇప్పుడు చెప్పండి" అంది జింకలతో. పాత పందేలు గెలిచిన జింకలు నీడలోంచి ఒక్కొక్కటే కుంటుకుంటూ వచ్చాయి. అందరిదీ అదే మాట.

గజమ్మ కళ్ళు చెమర్చాయి. "తప్పు నాదే తల్లీ. ఆయన్ని పక్కన పెట్టుకుని నిన్ను అడిగాను. దించిన తలని జవాబు అనుకున్నాను."

"గురువంటే దేవుడితో సమానం కదా, నేను పాపం చేశానా పెద్దమ్మా?" అంది చెంగలి.

"దేవుడు ఎవరినీ నొప్పి దాచుకోమనడమ్మా. దాచమన్నవాడు దేవుడితో సమానమైన ఆ చోటు పోగొట్టుకున్నాడు."

ఆ రోజే గంభీరయ్యని గురువు స్థానం నుంచి దించేశారు. తర్వాత ఆయన ఎదురుపడినా దారి ఇచ్చేవాళ్ళు లేరు. పొన్ని పరుగెత్తలేదు. కొండగొర్రెలు గెలిచాయి. ఆ వేసవంతా జింకలు బురదనీళ్ళే తాగాయి. "నీ వల్లే కదే ఈ బురద!" అని కొందరు చెంగలిని దెప్పారు కూడా. చెంగలి వాళ్ళ పక్కనే నిలబడి అదే నీళ్ళు తాగింది.

వానలు పడ్డాయి. పొన్ని కాలు నయమైంది. చెంగలి గిట్ట మాత్రం పూర్తిగా అతకలేదు. అది పరుగు మానేసి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టింది. మరుసటి వేసవి పందెంలో పొన్ని గెలిచింది, ఏ పసరూ లేకుండా.

చెంగలి దగ్గర చేరిన ప్రతి పిల్లకీ మొదటి పాఠం ఒకటే. "తల ఎత్తండి. నొప్పి వస్తే నాకు చెప్పండి. ఆ నొప్పి నా వల్లే వస్తే, గజమ్మకి చెప్పండి."

నీతి: గురువుని గౌరవించాలి, కానీ గురువు చేసిన హానిని దాచకూడదు. భయపడి ఊరుకున్న బిడ్డని తప్పుపట్టకుండా, ఆ బిడ్డ నోరు విప్పేలా అడగడం పెద్దల ధర్మం.