దాలమ్మ చూసిన చారల బాతులు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, పొద్దు వాలేసరికి పనులు ముగించుకుని గట్టెక్కి కూర్చునే మనుషులు కొందరు ఉండేవాళ్ళు. ఎందుకంటావా? పిట్టల కబుర్లు చెప్పుకోవడానికి, నాన్నా.

ఆ ఊరి పక్కన, గట్టుకి అవతల, పెద్ద తంపర ఉండేది. తంపరంటే సముద్రపు పోటుకి ఉప్పునీళ్ళు ఎక్కి నిలిచిపోయే బురదనేల. మనుషులు దిగితే కాలు కూరుకుపోతుంది, తుంగ తప్ప ఏమీ మొలవదు. పిట్టలకి మాత్రం అది అన్నం పెట్టిన పళ్ళెం. కార్తీకం చివర చలి దిగగానే ఎక్కడెక్కడి పిట్టలూ అక్కడికే వచ్చేవి.

గట్టు మీద కూర్చునేవాళ్ళలో బైరాగి తాత పెద్ద. కళ్ళకి పొర కమ్మి ఆయనకి ఆకాశం ఎప్పుడో మసకబారింది. మిగతావాళ్ళు చూసి చెప్పిందే ఆయన చూపు. ఆయన పక్కన అసిరయ్య కూర్చునేవాడు. ఉప్పుమళ్ళలో పనిచేసేవాడు, ఎవరేం చెప్పినా దానికో వెక్కిరింత తగిలించేవాడు. చివర దాలమ్మ కూర్చునేది. తుంగ కోసి చాపలు నేసుకునే ఒంటరి మనిషి. పొద్దస్తమానం తంపరలోనే ఉండేది కనక అందరికంటే ఎక్కువ చూసేది, అందరికంటే తక్కువ మాట్లాడేది.

ఆ గట్టుకి ఒక కట్టుబాటు ఉంది. చూసిందేదో చెప్పాలి, చూసిన చోటు మాత్రం చెప్పకూడదు. చెప్పేటప్పుడు కన్నుగానీ చెయ్యిగానీ ఆ వైపు పోకుండా, తంపరకి వీపు పెట్టి కూర్చోవాలి. ఎందుకంటే కబుర్లు వినడానికి దారిన పోయేవాళ్ళు కూడా ఆగుతారు. వాళ్ళలో ఎవరింట్లో ఉచ్చులున్నాయో ఎవరికి తెలుసు?

ఆ ఏడు చలి మొదలైన ఒక సాయంత్రం, అసిరయ్య గూడబాతులు దిగాయని చెప్పాడు. ఇంకొకాయన ఎర్రకాళ్ళ కొంగల కబురు చెప్పాడు. అప్పుడు దాలమ్మ మెల్లగా అంది.

"సారల బాతులు వొచ్చినాయి."

బైరాగి తాత తలెత్తాడు. ఆ బాతులకి తెల్లటి తల, దాని మీద రెండు నల్లటి అడ్డచారలు. మంచుకొండల మీదుగా ఎగిరి వచ్చే బాతులవి. ఆయన పడుచుతనంలో మందలు మందలుగా దిగేవి. పెద్ద తుపాను తర్వాత మళ్ళీ ఒక్కటీ రాలేదు.

"కార్తీకమాసం గదే, అడ్డనామాలు పెట్టుకుని సివాలయానికి వొచ్చుంటాయి," అన్నాడు అసిరయ్య.

గట్టంతా నవ్వింది. దాలమ్మ ఇంటికి పోయి గంజి తాగింది. ఆ గంజికి రుచి లేదు.

మరునాడు సాయంత్రం ఆమె కాస్త వివరంగా చెప్పింది. రెండు పెద్దవి, మూడు పిల్లలు. పిల్లల తలల మీద ఇంకా చారలు రాలేదు. నాలుగు మేస్తుంటే ఒకటి మెడ నిక్కించి కాపలా కాస్తోంది. తల్లి బాతు ఎడమ రెక్క ఈడుస్తోంది.

"ఒలే, సారల్లేని సారల బాతులా!" అన్నాడు అసిరయ్య. "తుంగ కోసి కోసి నీ కంటికి గడ్డీ బాతూ ఒకటైపోనాయి."

మళ్ళీ నవ్వులు. బైరాగి తాత నవ్వలేదు. నమ్మానని కూడా అనలేదు. అదే దాలమ్మకి ఎక్కువ గుచ్చుకుంది. ఇన్నేళ్ళుగా ఆమె ఆ గట్టు మీద లేనిది ఉందని ఒక్కసారైనా చెప్పలేదు. తన మాట మీద ఉన్న ఆ నమ్మకం తప్ప ఆమెకి ఊళ్ళో ఇంకేమీ లేదు, నాన్నా.

మూడో సాయంత్రం గట్టు నిండిపోయింది. దాలమ్మ బాతుల మాట ఊళ్ళో వేడుకైపోయింది మరి. ఎండుచేపల బేరగాళ్ళు బుట్టలు దించి ఆగారు. గేదెలు తోలుకొచ్చేవాళ్ళు ఆగారు. ఊరుపేరు తెలియనివాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు.

"ఏటి దాలమ్మా, ఇయ్యాలేటి సూసినావు? ఏనుగులొచ్చినాయా?"

"నాను అబద్దం సెప్పను అసిరయ్యా."

"అయితే సోటు సూపించు. సూసొచ్చి నమ్ముతాం."

అప్పుడు దాలమ్మ లేచింది. తంపర వైపు తిరిగింది. చెయ్యి చాచింది.

"అదిగో, మొగలిపొదల ఎనకాల దిబ్బ. పోయి సూసుకో."

నవ్వులు ఆగిపోయాయి.  బైరాగి తాతకి ఆ చెయ్యి కనపడలేదు గానీ, మాట వినపడింది.

"ఎంత పని సేసినావే అమ్మీ," అన్నాడు. కర్ర వెతుక్కుని లేచి వెళ్ళిపోయాడు.

బుట్టలు ఎత్తుకున్నవాళ్ళు ఎత్తుకున్నారు, గేదెలు తోలుకున్నవాళ్ళు తోలుకున్నారు. ఎవరి మొహంలో ఏముందో ఆ మసక వెలుతుర్లో తెలియలేదు.

దాలమ్మ గట్టు దిగి తంపరలోకి పరుగెత్తింది. ఆ బాతుల్ని తరిమెయ్యాలి. చీకటి పడకముందే అక్కడి నుంచి లేపెయ్యాలి. అదొక్కటే ఆమె తలలో ఉంది.

దిబ్బ దగ్గరికి పోయి చప్పట్లు కొట్టింది. బాతులు తలలెత్తి చూశాయి. రోజూ తుంగ కోసే మనిషే కదా అని మళ్ళీ మేతలో పడ్డాయి.

అప్పుడు గొంతు చించుకుని అరిచింది. బాతులు లేచి, దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి, అక్కడే వాలాయి. తల్లి బాతు అసలు లేవనే లేదు.

ఆ తర్వాత బురద ముద్దలు తీసి విసిరింది. ఏడుస్తూ విసిరింది. నాలుగు బాతులు పైకి లేచాయి. తల్లి నీళ్ళ మీద రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తింది, లేవలేక కూలబడింది. అది చూసి తండ్రి బాతు వెనక్కి తిరిగింది. తండ్రి వెనకే పిల్లలు మూడూ తిరిగాయి. అన్నీ వచ్చి తల్లి చుట్టూ నిలబడ్డాయి.

దాలమ్మ చేతులు కిందికి దిగిపోయాయి. ఇంకేం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. పోటు ఎక్కుతోంది. నీళ్ళు మోకాళ్ళు దాటాక ఒడ్డుకి రాక తప్పలేదు.

తెల్లవారి పోయి చూస్తే దిబ్బ మీది గడ్డి నలిగిపోయి ఉంది. గడ్డిలో ఉచ్చులు తెగి పడి ఉన్నాయి. తెల్లటి ఈకలు నీళ్ళ అంచున తేలుతున్నాయి. తల్లి లేదు, తండ్రి లేదు. పిల్లల్లో ఒకటి లేదు. మిగిలిన రెండూ నీళ్ళ మధ్యలో ఒకదానికొకటి ఆనుకుని, చప్పుడు చెయ్యకుండా ఉన్నాయి.

ఉచ్చులు ఎవరివో తేలలేదు. ఆ సాయంత్రం గట్టు మీద ఉన్న ప్రతివాడూ పక్కవాడి మొహం చూశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే గట్టెక్కడం మానేశారు. ఆ చలికాలమంతా తంపరలో పిట్టలు దిగుతూనే ఉన్నాయి. వాటి కబురు చెప్పేవాళ్ళు లేరు. బైరాగి తాత ఇంట్లోనే ఉండిపోయాడు. ఆయనకి ఆ ఏడు పిట్టలే రాలేదు.

ఇంకో సంగతి విను నాన్నా. ఆ రెండు పిల్లలూ దిబ్బ వదలలేదు. వాటి తలల మీద మెల్లమెల్లగా చారలు తేలాయి. మేతకి పొదల ఇవతలికి వచ్చినప్పుడు గట్టు మీద నిలబడితే చాలు, ఎవరికైనా కనిపించేవి. ఒకరోజు అసిరయ్య తుంగ కోస్తున్న దాలమ్మ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు సెప్పింది నిజిమేనే దాలమ్మా," అన్నాడు తల దించుకుని.

ఆమె కొడవలి ఆపలేదు. ఆ మాట వినాలని ఎంత ఆశపడిందో, అది వినపడిన రోజున చెవులు మూసుకోవాలనిపించింది.

ఫాల్గుణం వచ్చింది. ఎండ ముదిరింది. గూడబాతులు పోయాయి, కొంగలు పోయాయి, ఉల్లంకి పిట్టలు పోయాయి. ఆ రెండూ పోలేదు. వచ్చేటప్పుడు అమ్మానాన్నల వెనకాల వచ్చాయి. తిరిగి ఎటు పోవాలో చెప్పేవాళ్ళు లేరు. తంపర ఎండి బీటలు వారుతోంది, మేత అయిపోతోంది.

చైత్రంలో ఒక పొద్దున అవి లేచాయి. దాలమ్మ అప్పుడు అక్కడే ఉంది. దిబ్బ చుట్టూ తిరిగాయి. పిలుచుకుంటూ ఇంకా పైకి, ఇంకా పైకి లేచాయి. మంచుకొండలు ఉత్తరాన ఉన్నాయి. అవి తూర్పుకి తిరిగాయి. సముద్రం మీదికి. అటు నీళ్ళు తప్ప ఏమీ లేవు.

దాలమ్మ చేతిలోని తుంగ కింద పడింది. రెండు చుక్కలయ్యేదాకా చూసింది. ఆ చుక్కలు కూడా పోయేదాకా చూసింది.

దిబ్బ ఖాళీ అయిందని ఊరికి తెలిసింది. ఆ సాయంత్రం చాన్నాళ్ళకి గట్టు మీదికి మనుషులు వచ్చారు. బైరాగి తాతని చెయ్యి పట్టుకుని అసిరయ్యే తీసుకొచ్చాడు. తాత బాగా నీరసించాడు.

"దాలమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను తాతా."

"ఆ గుంట బాతులు, పిల్లలు రెండూ ఎగిరిపోనాయంట. నువ్వు సూసినావా?"

"సూసినాను."

"ఏ దిక్కుకి పోనాయే?"

ఎవరూ కదల్లేదు.  తాత గాజుకళ్ళు ఆమె వైపే ఉన్నాయి.

"ఉత్తరానికే తాతా," అంది దాలమ్మ. "తిన్నగా ఉత్తరానికే."

తాత హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. ఆ గట్టు మీద దాలమ్మ చెప్పిన మొదటి అబద్ధం అది. అందరూ నమ్మారు.

కథ పోయె కంచికి,
పిట్ట పోయె మింటికి,
మనమొస్తిమి ఇంటికి,
నిద్ర రావే కంటికి.