ఉంటానన్న గోరింక

అనగనగా ఒక అడవి. మరీ పాతకాలపు అడవి అనుకునేరు! జంతువులకు మాటలు ఇంకా పోలేదు, సెల్‌ఫోన్లు మాత్రం అప్పుడే వచ్చాయి. అలాంటి అడవి.

అక్కడ అందరి ఫోన్లలోనూ ‘గవాక్షం’ అని ఒకటుండేది. దాన్ని తెరిచి ఎవరు మాట్లాడినా, అప్పటికప్పుడు అడవంతా చూడొచ్చు, వినొచ్చు. చూసేవాళ్లు తిరిగి మాట్లాడొచ్చు, కింద రాయొచ్చు, నచ్చితే మందారాలు విసరొచ్చు. అవి తెరమీద టపటపా రాలేవి.

ఆ గవాక్షానికి మహారాణి ఎవరయ్యా అంటే, మంజరి అనే గోరింక. పసికూనగా గూట్లోంచి జారిపడితే తాబేలు పంతులుగారు చేరదీసి, పలుకు పలుకూ దిద్ది మాటలు నేర్పారు. ఆ మాటలతోనే ఇప్పుడు రోజూ సాయంత్రం లైవ్ పెట్టి అడవిని మురిపిస్తోంది.

ఆ వారమే గవాక్షంలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. చివర్లో అదే నోరు తెరిచి అడుగుతుంది: “వెళ్తారా? ఉంటారా?” వెళ్తానంటేనే మూసుకుంటుంది.

మంజరేమో పద్ధతైన పిల్లాయె. నలుగురి దగ్గరా సెలవు తీసుకునేటప్పుడు “వెళ్తా” అనకూడదని పంతులుగారు చెప్పి ఉన్నారు. అందుకని ఎంతో మర్యాదగా, “ఉంటానండీ మరి!” అంది.

ఉంటానన్నాక గవాక్షం ఎందుకు మూసుకుంటుంది, పాపం! తెరుచుకునే ఉంది. మంజరి చూసుకోలేదు, ఫోను బోర్లా పెట్టేసింది. రాత్రి ఛార్జి అయిపోయి ఫోను ఆరిపోయేదాకా అది అలాగే ఉంది.

ఆ రోజు లైవ్‌లో ఎలుగు బాబాయి పాట పాడాడు. “తేనె, బాబాయ్, అచ్చంగా తేనె!” అని మంజరి తెగ మెచ్చుకుంది. ఫోను బోర్లించాక కిందికొమ్మ మీది ఉడుతతో, “అది పాటటే? తేనెపట్టులో తల ఇరుక్కుని ‘బాబోయ్, లాగండ్రా’ అన్నట్టు లేదూ!” అంది.

అడవంతా వింది. అడవంతా పొట్ట పట్టుకుని నవ్వింది. గుహలో ఎలుగు బాబాయి ఒక్కడూ గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. గవాక్షం తెరిచే ఉందని ఈ పిల్లకి చెబుదామా అనుకుని, మళ్లీ ‘నాకొక్కడికేనా? రేపు ఎవరి వంతో చూద్దాం’ అనుకున్నాడు.

రెండో రోజు జింక వదిన గరిక పచ్చడి నూరింది. “అమృతం వదినా!” అంది మంజరి. ఆ తరవాత “ఉంటానండీ మరి!” అంది. ఆ తరవాత ఉడుతతో, “ముక్కు కడుక్కున్నా వాసన పోలేదే! రేపటికి నాలుక మీద గడ్డి మొలుస్తుందేమో!” అంది.

ఈసారి అందరికంటే గట్టిగా నవ్విందెవరో తెలుసా? ఎలుగు బాబాయి. జింక వదిన మాత్రం రోలు కడిగి, గోడవారన బోర్లించేసింది.

మూడో రోజు లైవ్‌లోనే పంతులుగారికి సన్మానం. మంజరి కళ్లనీళ్లు పెట్టుకుని, “నా ప్రతి పలుకూ మీ భిక్షే, గురువుగారూ” అంది. అడవి ముక్కు చీదింది. “ఉంటానండీ మరి!”

ఫోను బోర్లించగానే ఉడుత అడిగింది: “పంతులుగారు ఎలా మాట్లాడతారో ఓసారి చేసి చూపించవే!”

మంజరి మెడ లోపలికి లాక్కుంది. కళ్లు సగం మూసింది. “అ... మ్మా... యీ... ‘అ’ అన... వే... నువ్వు ‘ఆ’ అనేసరికి... నాకు... మనవలు... పుడతా... రే...”

ఉడుత దొర్లి దొర్లి నవ్వింది.

అంతలో మళ్లీ, “అ... మ్మా... యీ...” అని వినిపించింది.

‘అబ్బ, ఎంత బాగా చేశానంటే ఇంకా చెవుల్లో మోగుతోంది!’ అని మురిసిపోయింది మంజరి.

“అ... మ్మా... యీ... గవాక్షం... తెరిచే... ఉం... ది... చూసు... కో... తల్లీ...”

ఆ గొంతు ఫోన్లోంచి వస్తోంది!

మంజరి గబుక్కున ఫోను తిప్పింది. తెరనిండా మందారాలు, ఇంకా రాలుతూనే ఉన్నాయి. అవి సన్మానానికి వేసినవి కావు, వెక్కిరింతకు వేసినవి. పైకి జరిపి చూస్తే మొన్నటివీ ఉన్నాయి, నిన్నటివీ ఉన్నాయి. అడవిలో ఇంతమంది విన్నారు, పువ్వులు కూడా వేశారు. నోరు తెరిచి చెప్పింది మాత్రం, ఆ క్షణాన మాట పడుతున్న పంతులుగారొక్కరే.

ఉడుత ఎప్పుడు జారుకుందో జారుకుంది. మంజరికి రెక్కల్లో తల దూర్చుకున్నా దాక్కున్నట్టు అనిపించలేదు.

“క్షమాపణ కూడా లైవ్‌లోనే పెట్టు మంజరీ! మందారాలు కుప్పలు పోస్తాం!” అని కింద ఎవరో రాశారు.

“వెళ్తా” అంది మంజరి. మర్యాద చూసుకోలేదు. గవాక్షం టక్కున మూసుకుంది.

ఎగిరి వెళ్లడానికి మొహం చెల్లక నడిచే వెళ్లింది. ఎలుగు బాబాయి గుహ ముందు, “తప్పయిపోయింది బాబాయ్” అంది. ఆయన పాట మొదటి నుంచి చివరిదాకా పాడాడు. మంజరి కదలకుండా వింది. జింక వదిన దగ్గరా అదే మాట అంటే, ఆవిడ విస్తరి నిండా పచ్చడి వడ్డించింది. మంజరి రవ్వంత కూడా మిగల్చకుండా తింది.

పంతులుగారి గడప దగ్గర మాత్రం దానికి మాట పెగల్లేదు. ఆయన నేర్పిన మాటలే, ఒక్కటీ రాలేదు.

ఆయనే మెల్లగా అన్నారు: “నా గొంతు... బాగానే... చేశావే... అమ్మాయీ... అదేదో... నా ముందే... చేసుంటే... నేనూ... నవ్వేవాణ్ని... కదా...”

నాలుగు తిట్టినా బాగుండేది. మంజరి తల ఇంకాస్త కిందికి వాలిపోయింది.

కాబట్టి పిల్లలూ, ఎదురుగా అనలేని మాటను చాటుగానూ అనకండి, ఎవరైనా అంటుంటే నవ్వుతూ కూర్చోకండి.