నాలుగు కాళ్ళ కోడి

తాయారమ్మ గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. చీరాలలో ఆమె ఇంటి వసారాలో కూర్చుని గుడ్డల మీద అచ్చు వెయ్యడం నేర్చుకున్న మా అందరికీ ఇది అనుభవమే. రంగు ఎందుకు చెదిరిందమ్మా అని అడిగితే, ఆ బాల్చీ ఇటు తీసుకురా అనేవారు. మా ఆయనతో వేగలేకపోతున్నానని నేనొకసారి మొరపెట్టుకుంటే, చిక్కుపడ్డ దారపు ఉండ ఒకటి నా ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయారు. సాయంత్రానికి చిక్కు విడింది. మా ఆయన మాత్రం అలాగే ఉన్నాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పబోయేది భ్రమరాంబ అడిగిన ప్రశ్న గురించి.

భ్రమరాంబది మా వీధిలో చివరి ఇల్లు. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె కూతురు లాస్య కిందటేడు వానల్లో జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయింది. ఏడేళ్ళ పిల్ల. కడుపుకోత ఎలాంటిదో నాకు తెలియదు, తెలిసినట్టు చెబితే పాపం తగులుతుంది. నేను చూసింది ఒక్కటే, ఆ మనిషి ఏడాదిగా ఏడవలేదు. వంట చేసింది, నీళ్ళు పట్టింది, వసారాకి వచ్చి మాతో పాటు రంగులు కలిపింది. వినాయక చవితి వెళ్ళిన మూడో రోజున మాత్రం చంకలో ఒక ఖాళీ ఫొటో ఫ్రేము పెట్టుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మా, మా అత్తగారు పిల్ల గౌన్లన్నీ మడిచి ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. ఏడాదైంది, ఇక చాలంటున్నారు. మడవబోతే చేతులు రావడం లేదు. వాటిని అలా చూస్తూ ఆ ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఏం చెయ్యమంటారు?"

తాయారమ్మ గారు ఆమె ముఖం చూడలేదు, చంకలోది చూశారు. "అదేమిటి?"

పిల్ల ఫొటో పెట్టడానికి భర్త కొన్న ఫ్రేమట. ఫొటో పెడితే దండ వెయ్యాలి. దండ వేస్తే ఇక అంతే కదా అని ఏడాదిగా దాన్ని ఖాళీగానే ఉంచింది. ఆ పొద్దున దాని మీద కూడా మాట వస్తే, తీసుకుని ఇటు వచ్చేసింది.

"చెక్క గట్టిదే," అన్నారు అమ్మగారు తట్టి చూసి. "అద్దం ఊడదీసి పక్కన పెట్టు. దీనికి జాలీ గుడ్డ బిగిద్దాం. పిల్ల గీసిన బొమ్మ ఏదైనా ఉందా?"

భ్రమరాంబ ఇంటికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. నల్ల స్కెచ్ పెన్నుతో, కాగితం చిరిగేంతగా దిద్ది దిద్ది గీసిన కోడి. నాలుగు కాళ్ళున్నాయి. ఇదేం కోడే అని తల్లి నవ్వితే, "కుక్క తరిమితే రెండు కాళ్ళతో ఎట్టా పారిపోద్దమ్మా?" అందట. లాస్య గీసినవాటిలో మిగిలింది అదొక్కటే.

శుక్రవారం ఆ పిల్ల పుట్టినరోజు. బళ్ళో లాస్య తరగతి పిల్లలు ముప్పైమంది. ముప్పై చేతిరుమాళ్ళ మీద ఈ కోడిని అచ్చు వేసి పంచమన్నారు తాయారమ్మ గారు. అడిగిన ప్రశ్న ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు, పని మాత్రం వచ్చిపడింది.

తెలియనివాళ్ళ కోసం ఆ పని రెండు మాటల్లో చెబుతాను. ఫ్రేముకి సన్నటి జాలీ గుడ్డని తప్పెటలాగా బిర్రుగా బిగించి, చీకటి గదిలో దానికి పచ్చటి మందు పూసి ఆరబెడతాం. ఆరాక దాని మీద నల్లగీతల బొమ్మ పెట్టి, పైన అద్దం పెట్టి, కాసేపు ఎండ చూపిస్తాం. ఎండ తగిలిన మందు రాయిలా గట్టిపడుతుంది. నల్లగీత కింద నీడలో ఉన్నది మెత్తగా ఉండిపోతుంది. వెంటనే నీళ్ళు పోసి కడిగితే ఆ మెత్తటిది పోయి, గీత ఉన్నంతమేరా గుడ్డ కన్నాలు తెరుచుకుంటాయి. రంగు దిగేది అందులోంచే. కడగడం జాగు చేస్తే వెలుతురుకి అదీ గట్టిపడుతుంది, ఇక రంగు దిగదు.

ఇంట్లో చేసుకునేవాళ్ళం కాగితానికి కొబ్బరినూనె రాస్తాం, వెలుతురు బాగా దూరాలని. ఆ మాట వినగానే భ్రమరాంబ కాగితాన్ని గుండెలకి హత్తుకుంది. సరే, నీ చేత్తో ఇంకో కాగితం మీద దించుకోమన్నాను. దించింది. చక్కటి కోడి వచ్చింది, నాలుగో కాలు కూడా వేసింది. కానీ అది పెద్దవాళ్ళు గీసిన కోడి. దాన్ని ఉండ చుట్టి అవతల పారేసి, పిల్ల కాగితానికే నూనె రాసింది.

దండ వెయ్యాల్సిన అద్దాన్నే కోడి మీద పెట్టాం. డాబా మీద ఎండలో ఉంచి నేను అంకెలు లెక్కపెట్టాను. అద్దం తీశాం, కాగితం తీశాం. పచ్చటి మందులో కోడి లేతగా, ఊపిరి పోసినట్టు కనబడుతోంది. "ఇక కడుగు," అన్నారు అమ్మగారు.

భ్రమరాంబ ఫ్రేము పట్టుకుని కుళాయి దగ్గర కూర్చుంది. నీళ్ళు మాత్రం పొయ్యలేదు. "కడిగితే ఇది పోతుంది కదమ్మా," అంది.

పోతేనే కదా బొమ్మ వచ్చేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆలస్యం అమృతం విషం అన్నారు, పొయ్యవే అని చెంబు పుచ్చుకోబోయాను. తాయారమ్మ గారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. అరగంట అలా పట్టుకునే ఉన్నారు. అరగంటా భ్రమరాంబ ఆ లేత కోడినే చూస్తూ కూర్చుంది. తరవాత పోసింది, ఏముంది, చుక్క మందు కదలలేదు. అయినా అమ్మగారు రుమాలు పరిచి, రంగు పోసి, రబ్బరు పలకతో లాగమన్నారు. లాగింది. ఫ్రేము ఎత్తి చూస్తే రుమాలు రుమాలులాగే ఉంది.

"తెల్లగా ఉందక్కా," అంది నాతో. ఆ గొంతు నాకు ఈనాటికీ వినబడుతుంది.

మర్నాడు ఆ జాలీ పీకేసి కొత్తది బిగించాం, మందు పూశాం. గురువారం అది. తెల్లారితే పుట్టినరోజు. సముద్రపు గాలి తిరిగి ఊరంతా చెమ్మ పట్టింది, మందు ఓ పట్టాన ఆరలేదు. మధ్యాహ్నం దాటుతోంది, మబ్బు కమ్ముకొస్తోంది. చీకటి గదిలోకి వెళ్ళి వేలితో తాకి చూసి, "ఆరింది, కానివ్వండి" అన్నది నేనే. నా మాట నమ్మి భ్రమరాంబ కాగితం పెట్టింది.

ఎండ చూపించి అద్దం ఎత్తితే కాగితం రాలేదు. మందుకి అంటుకుపోయింది. కొస పట్టుకుని నెమ్మదిగా లాగితే కోడి తల, ముందు రెండు కాళ్ళు కాగితంతో వచ్చాయి. వెనక కాళ్ళూ తోకా మందు మీదే ఉండిపోయాయి. ఉన్న ఒక్క బొమ్మ, నా తొందర వల్ల రెండు ముక్కలైంది. క్షమించమని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

భ్రమరాంబ నాకేసి చూడలేదు. చేతిలోని ముక్కని చూసింది, ఫ్రేముకేసి చూసింది. కాగితపు పీలికల కింద, మందులో, కోడి మొత్తంగా ఉంది. కడగకపోతే అదీ పోతుంది. కడిగితే ఆ పీలికలు పోతాయి. తాయారమ్మ గారు చెంబు నింపి ఆమె పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"కాగితంలో లేదు ఇక," అని తనలో తను అనుకుని భ్రమరాంబ నీళ్ళు పోసింది.

మొదటి చెంబుకి పీలికలు నాని, తూములోకి కొట్టుకుపోయాయి. రెండో చెంబుకి తోక తెరుచుకుంది. వేలి కొసతో ఒక్కొక్క కాలూ రుద్దింది, పిల్లకి స్నానం చేయించేటప్పుడు రుద్దినట్టే. నాలుగో కాలు తెరుచుకున్నప్పుడు ఆమెకి ఏడుపు వచ్చింది. ఏడాదిగా రానిది ఒక్కసారిగా వచ్చింది. నేనూ ఏడ్చాను. కుళాయి కట్టెయ్యాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. తాయారమ్మ గారే వచ్చి కట్టేశారు.

పొద్దుగుంకేలోపు ముప్పై రుమాళ్ళ మీద ఎర్రటి కోడి దిగింది. నిన్న తెల్లగా మిగిలిపోయిన రుమాలు మీద కూడా వేసి, దాన్ని తనకని పక్కకి తీసుకుంది భ్రమరాంబ. వసారాలో తీగ పొడుగునా నాలుగు కాళ్ళ కోళ్ళు వేలాడుతుంటే నవ్వు వచ్చింది.

నేను చేసిన తప్పు ఎలాగైనా కడుక్కోవాలని నా ఆరాటం. పొద్దున్నే బడికి తీసుకెళ్ళాలి కదా అని తీగ మీది రుమాలు లాగి మడతపెట్టబోయాను. అప్పుడు భ్రమరాంబ చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "అమ్మా, నేనడిగినదానికి మీరేమీ చెప్పలేదు. ఆ గౌన్లు ఏం చెయ్యమంటారు?" అంది.

తాయారమ్మ గారు నా చేతిలోంచి రుమాలు తీసుకున్నారు. కోడి మీద వేలు పెట్టి, ఎర్రబడ్డ ఆ వేలిని ఆమెకి చూపించారు.

"తడి మీద మడిస్తే అంటుకుపోతుంది తల్లీ," అంటూ దాన్ని మళ్ళీ తీగ మీద వేశారు. "ఆరిందని ఇంకొకరు చెప్పారని మడవకు."